పంతొమ్మిది ముడుల చలితాడు

ఆ ఏడు కార్తీకం ఎవరి మాటా వినలేదు. తెల్లవారుజామున పళ్ళు కటకటలాడే చలి, పొద్దు బారెడెక్కేసరికి చెమటలు కక్కించే ఎండ, మధ్యాహ్నం వడగళ్ళు, సాయంత్రానికి మళ్ళీ ఉక్క. హేమకందర నగరంలో జనం గొంగళ్ళు కప్పుకొని బయలుదేరి, దారిలో వాటిని చంకన పెట్టి, ఇంటికొచ్చేటప్పుడు నెత్తిన వేసుకొని పరుగెత్తేవారు. శరత్తు అంటే తెల్లమబ్బులూ రెల్లుపూలూ నిలకడైన వెన్నెలా అని పద్యాలు కట్టే ఆస్థాన పండితులు ఆ ఏడు నోరెత్తితే ఒట్టు.

హేమకందరం సామాన్యమైన నగరం కాదు. మూడు ప్రాకారాలు, ముప్పై రెండు బురుజులు, ప్రతి బురుజు మీదా రాగి రేకు తాపడం చేసిన గరుడపక్షి. పొద్దు పొడిచేటప్పుడు ఆ గరుడపక్షులన్నీ ఒక్కసారి ఎర్రబారి, ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరిపోతాయన్నట్టు మెరిసేవి. చందనపు దూలాల మేడలు, స్ఫటికపు మెట్ల బావులు, కస్తూరి అమ్మే అంగళ్ళు. ఇన్నీ ఉండి ఏం లాభం? ఉత్తరద్వారం గడప దాటగానే భూమి తెగిపోయి ఉండేది. ఆ తెగిన చోటు పేరు యమదంష్ట్ర లోయ. దాని అడుగు చూసొచ్చినవాడు లేడు. ఆ లోయ మీద నూట ఇరవై బారల పొడవున ఇనుప గొలుసుల వంతెన ఊగుతుండేది. వంతెనకు ఆవల ఇరుకైన కనుమ, కనుమ పైన పాలపచ్చిక అనే మైదానం. నగరం తాగే పాలూ, కట్టే కంబళీ అక్కడి మందల నుంచే రావాలి. వానాకాలం మొదట్లో మూడు వందలమంది కాపరులు మందలతో ఆ మైదానానికి ఎక్కి, మంచు పడేలోగా దిగి వచ్చేవారు.

మంచు ఎప్పుడు పడుతుంది? అది తెలుసుకోవడంలోనే హేమకందరం వాళ్ళ తెలివి చూడాలి. ఆశ్వయుజ పున్నమినాడు కాలసిద్ధుడు అనే మాంత్రికుడు రాబోయే చలికాలాన్ని లెక్కగట్టి, మంచు ఎన్నాళ్ళకు పడుతుందో అన్ని ముడులు ఒక తాడుకు వేసి ఇచ్చేవాడు. దాని పేరు చలితాడు. దాన్ని ఉత్తరద్వారానికి వేలాడదీసి, రోజుకొక ముడి విప్పేవారు. ఆఖరు ముడి విప్పిన రోజున రాజకొమ్ము ఊదితే, ఆ మోత కనుమ దాటి మైదానానికి వినిపించేది. అప్పుడు కాపరులు దిగేవారు. అందరూ దాటాక గొలుసులు లాగి వంతెనను చుట్టేసేవారు.

తాడు ఇచ్చిన మర్నాడు సిద్ధుణ్ణి కిటికీలు లేని బురుజులో పెట్టి తాళం వేసేవారు. ఎందుకయ్యా అంటే, రోజూ ఎండా వానా చూస్తుంటే ఆయన మనసు మారి, చెప్పిన మాట తప్పుతాడట. బయటి కబుర్లు చెవిన పడకుండా కొలువుకు మూగవాళ్ళను మాత్రమే పంపేవారు. ఆకాశం చదవడమే వృత్తిగా గలవాడికి ఆకాశం కనబడకుండా చేసి, ఆయన మాటనే ద్వారానికి కట్టుకొని బతికారు ఆ మహానుభావులు.

ఆ రోజు కార్తీక బహుళ ఏకాదశి. చలితాటికి ఇంకా పంతొమ్మిది ముడులున్నాయి.

వంతెన గొలుసుల కాపలాదారు కాచన పొద్దున్నే గొలుసులకు నూనె రాయబోయి ఆగిపోయాడు. నూనె గిన్నెలో పేరుకుపోయింది. రాత్రి నిండుగా ఉన్న నీళ్ళ తొట్టి మీద అద్దంలా పొర కట్టింది. కనుమ మీద మబ్బు కడుపు సీసం రంగుకు తిరిగింది. పైగా, మార్గశిరం దాటితేగాని కనబడని బూడిదకొంగలు బారులు బారులుగా దక్షిణానికి పోతున్నాయి, అదీ చెట్ల కొమ్మల ఎత్తున. కాచన గుండె గుభేలుమంది.

ఎందుకంటే అతని భార్య మైలమ పైన ఉంది. కాపరుల్లో ఆమెది కడకాపు. అంటే, మందలన్నీ దిగేటప్పుడు అందరికన్నా వెనక నడవాలి. కుంటి గొర్రె, ఈనిన మేక, కాళ్ళీడ్చే ముసలివాడు, ఎవరూ ఆమె వెనక మిగలకూడదు. భాద్రపదంలో ఆమె అక్కడే కూతుర్ని కన్నది. గొలుసుల కాపలాదారు కొలువు విడిచి అడుగు కదలకూడదు కాబట్టి కాచన ఆ బిడ్డ ముఖం ఇంకా చూడలేదు. వెన్న తెచ్చేవాళ్ళు చెప్పిన కబుర్లే అతనికి దక్కిన ముద్దూ మురిపెమూ.

అతను పరుగున ద్వారనాయకుడు కటారినాయకుడి దగ్గరికి పోయి, కొంగల సంగతీ మబ్బు సంగతీ చెప్పి, కొమ్ము ఊదించమని కాళ్ళు పట్టుకున్నాడు. కటారినాయకుడు చెడ్డవాడు కాడు. కానీ ఇరవై ఏళ్ళ క్రితం ఇలాగే ఎవరో తొందరపడి కొమ్ము ఊదితే, మందలన్నీ దిగివచ్చాయి, మంచు మాత్రం రెండు నెలలు రాలేదు. ఊళ్ళో దాచిన గడ్డి మాఘానికే అయిపోయింది. పశువులు వీధుల్లో పడి చచ్చాయి. ఆ కరువులో నాయకుడి తల్లి పోయింది. ఆనాడే శాసనం పుట్టింది. తాడు చెప్పకముందే కొమ్ము ఊదినవాడి కుడిచెయ్యి నరకాలి. మాట మార్చినా, లెక్క తప్పినా సిద్ధుడి నాలుక కొయ్యాలి.

"పంతొమ్మిది ముడులున్నాయి కాచన్నా," అన్నాడు నాయకుడు. "కొంగలు చెప్పినట్టు వినమంటావా, తాడు చెప్పినట్టు వినమంటావా?"

ఇంక అతనితో వాదించి లాభం లేదు. తాటి మీద ఉన్న ముడులను తెంపే అధికారం దాన్ని కట్టిన చేతికే ఉంది. కాచన కాలసిద్ధుడి దగ్గరికే పోదామని నిశ్చయించుకున్నాడు. అదే క్షణాన ఆకాశం ఫెళ్ళున విరిగినట్టయి, రేగుకాయలంత వడగళ్ళు టపటపా పడ్డాయి. అతని తలపాగా తడిసి ముద్దయింది.

బురుజుకు బొగ్గులు మోసేవాడు ఓబులు. పుట్టుమూగ. అతని తమ్ముడూ పాలపచ్చికలోనే ఉన్నాడు. కాచన చేతులతో కనుమనూ మబ్బునూ చూపించేసరికి ఓబులు ఇంకేమీ అడగకుండా తన మసిపంచె విప్పి ఇచ్చాడు, బొగ్గులగంప నెత్తిన పెట్టాడు, పిడికెడు మసి తీసి కాచన ముఖానికి తనే పూశాడు.

బురుజు వాకిట ఇద్దరు భటులు ఈటెలు అడ్డం పెట్టారు. కొత్త ముఖమని వాళ్ళకు అనుమానం. అసలైన మూగవాడో కాదో తేల్చుకోవడానికి వాళ్ళ దగ్గరొక పరీక్ష ఉంది. కాలితే ఎంతటివాడైనా "అమ్మా" అంటాడు. అననివాడు మూగవాడు. ఒక భటుడు కుంపట్లోంచి కణకణలాడే బొగ్గు పట్టకారుతో తీసి కాచన పాదం మీద పెట్టాడు.

చర్మం చుర్రుమంది. కాచన నోరు తెరుచుకుంది. అమ్మ అనే మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని అతను మింగిన తీరు పగవాడికి కూడా వద్దు. వెర్రిగా "బే బే" అని అరిచి, కాలుగాలిన పిల్లిలా ఒంటికాలి మీద గెంతాడు. భటులు పడీ పడీ నవ్వి ఈటెలు తీశారు. ఆ నవ్వు వింటూ అతను రెండు వందల పది మెట్లు ఎక్కాడు. మెట్టు మెట్టుకూ కాలినచోట నరం లాగింది.

పైన ఉన్న గది చూస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. చేపనూనె దీపాలు నీలంగా మండుతున్నాయి. కప్పు నుంచి రాగి సూర్యుడూ, వెండి చంద్రుడూ, ఇరవై ఏడు ఇత్తడి నక్షత్రాలూ సన్నటి దారాలకు వేలాడుతూ వాటంతటవే తిరుగుతున్నాయి. గోడల నిండా తాళపత్రాల కట్టలు. మూడు వందల ఏళ్ళ చలికాలాలు వాటిలో పడుకొని ఉన్నాయి. కంచు గుడ్లగూబలు, పులిగోళ్ళ దండలు, కపాలాల్లో పోసిన రంగురంగుల పొడులు. వీటన్నిటి నడుమ పులితోలు మీద, నడుముకు గడ్డం చుట్టుకొని, ఒక ముసలివాడు ఉత్త చేతులతో కూర్చుని ఉన్నాడు.

కాచన గంప దించి, బొగ్గులు కుమ్మరించి, తలుపు మూసి, పాలపచ్చికలో మూడు వందల ప్రాణాలున్నాయనీ, మంచు ముంచుకొస్తోందనీ, ముడులు తెంపమనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మూగవాడు మాట్లాడేసరికి కాలసిద్ధుడు దయ్యమనుకొని గుడ్లగూబ వెనక నక్కాడు. కాసేపటికి తేరుకొని, తాడు లెక్క తప్పదని గొణిగాడు. ఆ గొణుగుడులో బలం లేదు.

"ఆ లెక్క ఎట్టా కట్టావు సిద్ధయ్యా?" అని కాచన సూటిగా అడిగాడు.

ముసలివాడు గుడ్లగూబ వెనక నుంచి ఇవతలికి వచ్చాడు.

"మూడు రోజులైతే చెప్పగలను నాయనా. గాలి వాసన చూసి, మబ్బు చూసి చెబుతా. నాలుగో రోజు తడుముకుంటా. రెండు నెలలు చెప్పమంటే ఏం చెప్పేది? వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికెరుక. మా గురువు అరవై వేశాడు, నేనూ అరవై వేశాను. ఎక్కువ ఏళ్ళు సరిపోయింది."

"సరిపోని ఏడో?"

"సరిపోని ఏడే మా గురువు నాలుక కోశారు."

కాచనకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఊరు ఊరంతా నమ్ముకున్న తాడు ఇదా అనిపించింది. ముసలివాణ్ణి జుట్టు పట్టి ఈడ్చాలని చెయ్యి లేచింది కూడా. కానీ ఆ చేతిలో, గంప కింద చుట్టకుదురుగా పెట్టుకొచ్చిన తన తడి తలపాగా ఉంది. కాలసిద్ధుడి ముక్కుపుటాలు అదిరాయి. నలభై ఒక్క రోజులుగా గాలి ఎరగని మనిషి, ఆకలిగొన్నవాడు అన్నం లాక్కున్నట్టు ఆ తలపాగా లాక్కొని ముఖానికి అదుముకున్నాడు. గాలి ఏ మూల నుంచి వీస్తోంది, కొంగలు ఎంత ఎత్తున పోయాయి, తొట్టి మీద పొర గోటితో గీస్తే పగిలిందా వంగిందా అని గబగబా అడిగాడు. ఒక్కో జవాబుకు ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

మధ్యాహ్నానికి గాలి పడిపోతుందని చెప్పాడాయన. చక్కటి ఎండ కాస్తుంది, జనం గండం గడిచిందనుకుంటారు, ఆ ఎండే మోసం, పొద్దు వాలేలోగా కనుమ మీద మంచు విరుచుకుపడుతుంది.

"అయితే వచ్చి ముడులు తెంపు," అన్నాడు కాచన.

కాలసిద్ధుడు నాలుక తడుముకున్నాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చివరికి ఏ దేవుడు ధైర్యమిచ్చాడో, లేచి వచ్చి తనంతట తానే గంపలో ముడుచుకు కూర్చున్నాడు. కాచన పైన మసిగుడ్డ కప్పి నెత్తికెత్తుకున్నాడు.

నూట యాభై మెట్లు దిగాడో లేదో, కింద నుంచి ఎక్కి వస్తున్న భటుడు ఎదురుపడ్డాడు. ఖాళీ గంప మోసేవాడికి ఇంత చెమటేమిటని వాడికి వచ్చిన అనుమానంలో తప్పు పట్టడానికి లేదు. వాడు ఈటె మొనతో మసిగుడ్డ లేపబోయాడు. గంపలోంచి ఎముకలాంటి చెయ్యి ఒకటి బయటికొచ్చి, పిడికెడు పసుప్పచ్చ పొడి వాడి ముఖాన కొట్టింది. భగ్గుమని పొగ లేచింది. మెట్లన్నీ మాయమయ్యాయి. "దొంగ, దొంగ" అని కేకలు, కిందనుంచి ఇంకో ముగ్గురు ఎక్కి వచ్చారు. పొగలో ఒకణ్ణొకడు పట్టుకొని చితకబాదుకుంటున్నారు. కాచన గోడ తడుముకుంటూ పోయి, కుంపట్ల బూడిద పారబోసే తూము నోరు దొరకగానే గంపతో సహా అందులోకి దూకాడు.

ఆ తూము బురుజు గోడ వెంట అరవై అడుగులు నిట్టనిలువునా దిగుతుంది. మోచేతులు చెక్కుకుపోయాయి. గంప ముక్కలైంది. ఇద్దరూ నోటా ముక్కునా బూడిదతో కోట వెనక బూడిదగుట్టలో నడుము లోతున దిగబడ్డారు. కాలసిద్ధుడు బతికున్నాడా అని కాచన తడిమి చూస్తే, ఆయన తల పైకెత్తి ఆకాశాన్నే చూస్తున్నాడు. కళ్ళు చికిలించి, నోరు తెరుచుకొని, ఏడుస్తున్నాడు.

ఎండ కాస్తోంది.

ఎలాంటి ఎండ అనుకున్నారు? వసంతంలో కూడా అంత హాయైన ఎండ కాయదు. వడగళ్ళు కరిగి వీధులు తళతళలాడుతున్నాయి. గాలి ఆకును కదిలించడం లేదు. ఉత్తరద్వారం దగ్గర జనం గొంగళ్ళు విప్పి గోడల మీద ఆరేసుకొని, వేయించిన శనగలు నములుతూ కబుర్లాడుకుంటున్నారు. ఆ మధ్యలోకి బూడిద బొమ్మల్లాంటి ఇద్దరు పరుగున వచ్చి, మంచు వస్తోంది, కొమ్ము ఊదండి అంటే ఎవరైనా ఏం చేస్తారు? నవ్వారు.

కాలసిద్ధుడు గడ్డం దులుపుకున్నాక ఆయనెవరో గుర్తుపట్టి నవ్వు ఆపేశారు. కటారినాయకుడు ముందుకొచ్చి నమస్కరించాడు. తాడు చూపించి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఇవాళ మంచు తప్పకుండా పడుతుందా స్వామీ?"

పడుతుంది అని ఒక్క మాట అంటే చాలు. ఇన్నేళ్ళూ తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పిన మనిషికి, ఇప్పుడు తెలిసిన సంగతి చెప్పడానికి ఏమొచ్చింది? కానీ ఆయన ఎండకేసి చూశాడు, కనుమకేసి చూశాడు.

"పదిపాళ్ళలో ఏడుపాళ్ళు పడుతుంది," అన్నాడు. "మూడుపాళ్ళు పడకపోవచ్చు. ఇంక నేను అబద్ధం చెప్పను."

జనంలో గోల లేచింది. ఏడుపాళ్ళేమిటి, మూడుపాళ్ళేమిటి, ఇదేమన్నా కంబళి బేరమా అన్నారు. తాడు ఎన్నడూ 'బహుశా' అనే మాట అనలేదన్నారు. పశువులన్నిటినీ ఇప్పుడే దించుకున్నాక ఆ మూడుపాళ్ళే నిజమైతే, మళ్ళీ గడ్డి చాలక చావాలా అని ఒక ముసలమ్మ నిలదీసింది. అదీ నిజమే. ముసలివాడు తాటివైపు సాచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. నాయకుడు ఆయన్ను పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టమని భటులకు చెప్పాడు.

కాచన అప్పుడు ఏమీ ఆలోచించలేదు. ఇద్దరు భటుల నడుమ నుంచి దూరి, ద్వారపు గూట్లో ఉన్న రాజకొమ్మును అందుకొని, రొమ్ములో ఉన్న ఊపిరంతా పోసి ఊదాడు.

ఆ మోత లోయలోకి దిగి, ఆవలి గట్టుకు కొట్టుకొని, కనుమలోకి పాకింది. రెండోసారి ఊదాడు. మూడోసారి ఊదబోతుండగా ఈటె కర్రతో వీపున కొట్టి పడగొట్టారు. అయినా అయిపోయింది. కాసేపటికి పై నుంచి సన్నగా, ఎక్కడో తేనెటీగల రొదలా, మందల మువ్వలు వినపడ్డాయి. కాపరులు వెర్రివాళ్ళు కారు. పొద్దుటి వడగళ్ళకే మందలు కూడగట్టుకొని కనుమ మొదట్లో కాచుకొని ఉన్నారు. కొమ్ము మోగకుండా దిగితే దండన, అందుకే ఆగారు.

కటారినాయకుడు కాచన కుడిచేతిని కొయ్యమొద్దు మీద పెట్టించి తోలుపట్టెలతో కట్టించాడు. ముఖం రాయిలా పెట్టుకున్నాడు. ద్వారం ముందున్న జెండాకర్ర నీడ మొద్దుకు ఆరడుగుల దూరంలో ఉంది. నీడ మొద్దును తాకేలోగా మంచు పడితే చెయ్యి దక్కుతుంది, లేకపోతే లేదని చెప్పాడు. గొడ్డలి పట్టుకున్నవాడు పక్కన చతికిలబడ్డాడు.

మొదటి మంద వంతెన ఎక్కింది. గొర్రెలు, మేకలు, బరువులు మోసే జడలబర్రెలు, తట్టల్లో పసిపిల్లలు. గొలుసులు కిరకిరలాడాయి. నీడ ఐదడుగులకు వచ్చింది. దాటి వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి, ఈ ఎండకా మమ్మల్ని దించారు అని ముఖముఖాలు చూసుకున్నారు. కాచన వాళ్ళలో మైలమ కోసం వెతకలేదు. కడకాపు చివర వస్తుందని అతనికి తెలుసు. నీడ నాలుగడుగులు. మూడు. రెండు.

ఆ నీడను చూస్తూ అతను దేవుళ్ళకు మొక్కుకున్నాడు. మంచు పడాలి తల్లీ, ఇప్పుడే పడాలి, ఈ చెయ్యి పోతే గొలుసులు ఎట్టా లాగను, బిడ్డనెట్టా ఎత్తుకోను అని మొక్కాడు. మొక్కిన మరుక్షణం తను ఏం కోరుతున్నాడో తెలిసింది. మైలమ ఇంకా కనుమలోనే ఉంది. పొద్దుటి నుంచీ ఏ మంచుకు హడలిపోయాడో, దాన్నే తన పెళ్ళాం నెత్తిన పడమని అడుగుతున్నాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. వద్దు, వద్దు, వాళ్ళు దాటాక పడనీ, చెయ్యి పోతే పోనీ అని మళ్ళీ మొక్కాడు.

నీడ మొద్దుకు బెత్తెడు దూరానికి వచ్చింది. గొడ్డలివాడు లేచి నిలబడ్డాడు. నాయకుడు వంగి నేల చూశాడు. కళ్ళు నులుముకొని మళ్ళీ చూశాడు.

నీడ లేదు.

అందరూ ఒక్కసారి తలెత్తారు. కనుమ కూడా లేదు. అది ఉండాల్సిన చోట నేల నుంచి ఆకాశం దాకా తెల్లటి గోడ ఒకటి నిలబడి, చప్పుడు లేకుండా ముందుకు వస్తోంది. దాని వెనకే గాలి వచ్చింది. ఆరేసిన గొంగళ్ళన్నీ లేచి కోటలోకి కొట్టుకుపోయాయి. మొదటి రేకు కాచన కట్టేసిన చేతి మీదే పడింది. ఆ తర్వాత పక్కనున్న మనిషి ముఖం కనబడలేదు.

కటారినాయకుడు తన కత్తితోనే తోలుపట్టెలు తెంపాడు. వంతెన మీద ఉన్నవాళ్ళు తోపులాడుకుంటూ ఈ గట్టున పడ్డారు. కాచన వచ్చినవాణ్ణి వచ్చినట్టు పట్టుకొని మైలమ ఏదీ అని అడిగాడు. ఓబులు తమ్ముడు చెప్పాడు. వంతెన అవతల, లోయ అంచునే తిరిగే ఇరుకు మలుపు దగ్గర ముసలివాళ్ళు నలుగురు వెనకబడితే, వాళ్ళను తీసుకురావడానికి ఆమె బిడ్డను వీపున కట్టుకొని వెనక్కి పోయిందట. వాళ్ళూ, దారిలో ఉన్న మిగతావాళ్ళూ కలిసి పదకొండుమంది ఇంకా రావాలి.

గొలుసుల సంగతి కాచనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మంచు పేరుకొని బొటనవేలి మందం గడ్డ కట్టిందంటే ఆ బరువుకు అవి తెగిపోతాయి. తెగేలోగా లాగి చుట్టెయ్యాలి. ఆ మందం కట్టేదాకా ఆపుతానని నాయకుడు తల్లి మీద ఒట్టు పెట్టాడు. అంతకుమించి ఆపితే వచ్చే ఏడు వంతెనే ఉండదు, తన వల్ల కాదన్నాడు.

కాచన నడుముకు తాడు బిగించుకుంటూ కాలసిద్ధుడి దగ్గరికి పోయాడు. ముసలివాడు మంచులో కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"సిద్ధయ్యా, ఇది మధ్యలో ఎక్కడైనా తెరిపి ఇస్తుందా? వాళ్ళను తీసుకొని తిరిగొచ్చే వ్యవధి ఉందా?"

కాలసిద్ధుడు గాలిని వాసన చూశాడు. నోరు తెరిచి ఒక రేకును నాలుక మీద వేసుకున్నాడు. ఆశపెట్టే మాట ఏదైనా చెబుతాడేమోనని నాయకుడు కూడా వంగి విన్నాడు.

"తెలియదు నాయనా," అన్నాడు.

ఆ మాట విని కాచన తల ఊపి వంతెన మీదికి నడిచాడు. గొలుసులు పట్టుకుంటే అరచేతి చర్మం అంటుకొని ఊడివచ్చింది. పలకలు కాలి కింద జారాయి. ఇరవై బారలు పోయాక వెనక కోట కనబడలేదు. నలభై బారలకు నాయకుడి కేకలు వినపడటం మానేశాయి. గొలుసు మీద గడ్డ అప్పుడే చిటికెనవేలి మందం కట్టింది. అతను మైలమా అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. గాలి ఆ పిలుపును అతని నోట్లోకే తిప్పికొట్టింది.

వంతెన నడిమికి వచ్చేసరికి గాలి ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. ఆ క్షణంలో అతనికి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఎన్నడూ విననిదైనా అది ఎవరి గొంతో అతనికి తెలిసిపోయింది. ప్రాణం లేచివచ్చి, రెండడుగులు ముందుకు ఉరికి, చటుక్కున ఆగాడు. ఆ ఏడుపు ఎదుటి గట్టు నుంచి రావడం లేదు. తన కాళ్ళ కింద, లోయలోంచి వస్తోంది.